మెల్లగా మొద్దుబారే ఉలి

తాయిల్పట్టి ఊరి చివర, సర్కారు తుమ్మ అల్లుకుపోయిన నల్లరేగడి చేల పక్కన, ఒక పెద్దాయన కడసల్ పని చేసేవాడు. కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కడం ఆ పని. విరుదునగర్, కోవిల్పట్టి పల్లెల్లో బయట తమిళం, గడప లోపల తెలుగు మాట్లాడుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆయనదీ అలాంటి ఇల్లే. మంచం కోళ్లు, ఊయల గుబ్బలు, అప్పడాల కర్రలు, ఎవరేది అడిగితే అది చేసిచ్చేవాడు. అయితే ఏడాది పొడుగునా ఆయనకు కూడు పెట్టింది మరో వస్తువు: చిచ్చుబుడ్లలో మందు దట్టించే కర్ర.

చుట్టుపక్కలంతా బాణసంచా కర్మాగారాలే. మందు ఉన్నచోట ఇనుప పనిముట్టు పనికిరాదు. ఇనుము రాతికో మరో ఇనుముకో తగిలి నిప్పురవ్వ లేస్తే ఆ గది మిగలదు. అందుకే దట్టించడానికి కర్ర కావాలి. బొటనవేలంత లావు, మూరెడు పొడవు, అంతే. చూస్తే పిల్లలు ఆడుకునే కర్రలా ఉంటుంది. కానీ దాన్ని కొనడానికి వచ్చే ఫోర్‌మన్ పెట్టే షరతులు రెండూ గట్టివి. కర్ర మీద ఎక్కడా పోగు లేచి ఉండకూడదు. లేచిన పోగుల సందున మందు పొడి పేరుకుంటుంది, ఎంత తుడిచినా పోదు, రేపు మరో మందు దట్టించేటప్పుడు ఒరుసుకుంటుంది. రెండో షరతు ఇంకా కష్టం: ఉప్పుకాగితం తగలనివ్వకూడదు. ఉప్పుకాగితంలోని గరుకు రేణువు ఒకటి ఊడి చెక్కలో దిగబడినా, మందు ఒరిపిడికి అంటుకునే గుణం పెరుగుతుంది. కాబట్టి ఆ నునుపు ఉలి నుంచే రావాలి. ఉలి దిగిన తర్వాత సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

పెద్దాయన వాడేది నల్లతుమ్మ. మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర ఉలికి మెత్తగా లొంగుతుంది. తుమ్మ అలా కాదు, ఉలి వాదరను తినేస్తుంది. అందుకని ఆయన ఎనిమిది కర్రలు చెక్కగానే లేత్ ఆపి, ఉలి తీసుకుని పాక వెనక్కి వెళ్లేవాడు. సానచక్రం అక్కడ, గాలివాలుకు ఎదురుగా, గోడ చాటున ఉండేది. రెండు నిమిషాలు సాన పట్టి తిరిగొచ్చేవాడు. ఉలి ఇంకా బాగానే తెగుతున్నా సరే, ఎనిమిది అయ్యాయంటే లేచేవాడు.

ఆయన మేనల్లుడు కోయంబత్తూరులో, ఉక్కు పనిముట్లకు కాక పెట్టే ఒక కర్మాగారంలో కొన్నాళ్లు పనిచేసి ఊరికి తిరిగొచ్చాడు. వస్తూ ఒక ఉలి తెచ్చాడు.

"మామా, నువ్వు సగం పొద్దు సాన దగ్గరే గడుపుతావు. ఇది చూడు. మైనస్ 196 డిగ్రీల చలిలో పెట్టి తీసిన ఉక్కు. క్రయోజెనిక్."

"ఆ మాట విన్నాను అల్లుడా. తిరునెల్వేలి దాటితే మహేంద్రగిరిలో రాకెట్ ఇంజన్లు పరీక్షించేది దాంతోనే కదా?"

"అక్కడ ఇంధనాన్ని అంత చల్లగా ఉంచుతారు. ఇక్కడ ఉక్కునే చల్లబరుస్తారు. ఇది హైస్పీడ్ స్టీల్ మామా. టంగ్‌స్టన్ ఆరు శాతం, మాలిబ్డినం ఐదు, క్రోమియం నాలుగు, వెనేడియం రెండు. దీన్ని 1,200 డిగ్రీల దాకా కాల్చి చప్పున చల్లారిస్తే లోపలి అమరిక మారి గట్టిపడుతుంది. కానీ మొత్తం మారదు. ఐదో వంతు దాకా పాత మెత్తని అమరికలోనే ఉండిపోతుంది. మనం చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటుంది గానీ, దాని లెక్కలో అది ఇంకా పూర్తిగా చల్లారలేదన్నమాట. అందుకని ద్రవ నత్రజనితో మెల్లగా, గంటల తరబడి దించుకుంటూ పోయి, అడుగున ఒక రోజంతా ఉంచి, మళ్లీ మెల్లగా పైకి తెస్తారు. అప్పుడు ఆ మిగిలిందీ మారుతుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మళ్లీ 550 డిగ్రీల దగ్గర కాక పెడతారు. లేకపోతే కొత్తగా గట్టిపడిన భాగం పెళుసుగా ఉంటుంది."

పెద్దాయన తలాడించాడు. ఆయన చిన్నప్పటి ఊరి కమ్మరి కూడా కొడవలికి పానం పెట్టాక మళ్లీ సన్నని సెగ చూపించేవాడు. నీళ్లలో ముంచి తీసిన వాదరను అలాగే చేతికిస్తే మొదటి కోతకే పెచ్చు లేస్తుందని ఆ కమ్మరికి తెలుసు. సంగతి అర్థమైంది కనుక ఆయన ఇంకేమీ అడగలేదు. "సరే, ఈసారి కర్రలు నువ్వే చెయ్యి" అన్నాడు.

మేనల్లుడు మొదలుపెట్టాడు. కొత్త ఉలి తుమ్మలోకి దిగితే చెక్క పొట్టులా రాలలేదు. పొడుగాటి పొరలుగా లేచి, సుడులు తిరిగి, అతని మోచేతి మీదుగా జారింది. చప్పుడు సన్నగా, ఒకే శ్రుతిలో ఉంది. ఎనిమిది అయ్యాయి, పదహారు అయ్యాయి, ఇరవై నాలుగు అయ్యాయి. పెద్దాయన ఒక కర్ర తీసి, కళ్లు మూసుకుని బొటనవేలి గోరు దాని మీద నిలువునా జార్చాడు. ఎక్కడా ఆగలేదు. "బాగుంది రా. నా ఉలి ఇలా నిలవదు" అని ఒప్పుకున్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ మాట మేనల్లుడికి ఎక్కడో గట్టిగా కూర్చుంది. మరునాడు కూడా సాన దగ్గరికి పోలేదు. ఉలి తెగుతూనే ఉంది. ప్రతి కర్రా దాని ముందు కర్రలాగే ఉంది. మూడో నాడు మధ్యాహ్నానికి అతను చేతిని కొంచెం గట్టిగా నొక్కుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. లేత్ చప్పుడు కొంచెం బొంగురుపోయింది. చెవికి అలవాటైపోయింది కనుక అదీ తెలియలేదు. పొరలు పొట్టి అయ్యాయి, తర్వాత పొట్టు అయ్యాయి. తుమ్మ ఎండిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

సాయంత్రం ఫోర్‌మన్ వచ్చాడు. కర్రల కట్ట విప్పి, గుడ్డతో తుడిచి, పొడి గుడ్డ ఒకటి చుట్టి లాగాడు. కొన్నిటి మీద గుడ్డ జారిపోయింది. కొన్నిటి మీద నూలుపోగులు పట్టుకున్నాయి.

"పెద్దాయనా, ఇవి నేను తీసుకోలేను."

"అన్నాచ్చి, చెడ్డవి ఏరేసి మంచివి తీసుకోండి" అన్నాడు మేనల్లుడు.

"ఏరు, చూద్దాం."

మేనల్లుడు కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. చేసిన వరుసలోనే కర్రలు పేర్చి ఉన్నాయి. ఒకదాన్ని తీసి పక్కదానితో పోల్చాడు. రెండూ ఒకటే. దాన్ని మరోదానితో పోల్చాడు. అవీ ఒకటే. చివరి దాకా అలాగే వచ్చాడు. ఏ రెండు ఇరుగుపొరుగు కర్రల మధ్యా తేడా దొరకలేదు. ఇక్కడి దాకా మంచివి, ఇక్కడి నుంచి చెడ్డవి అని గీత గీయడానికి చోటు లేదు.

పెద్దాయన వరుసలో మొట్టమొదటి కర్రను, చిట్టచివరి కర్రను తీసి పక్కపక్కన పెట్టాడు. మొదటిది గచ్చులా మెరుస్తోంది. చివరిదాని మీద పోగులు కుక్క వెంట్రుకల్లా లేచి ఉన్నాయి. చిన్న పిల్లవాడైనా చెప్పగలడు.

మేనల్లుడికి కోపం వచ్చింది. "మోసం చేశారు మామా. ఇది అసలు చలి పెట్టిన ఉక్కే కాదు."

"ఉలి ఇలా ఇవ్వు" అని తీసుకుని, పెద్దాయన దీపం కిందికి వెళ్లాడు. వాదర పైకి వచ్చేలా ఉలిని పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచాడు. వాదర వెంట సన్నని తెల్లగీత ఒకటి మెరిసింది. "చూశావా? పదునైన వాదరకు వెలుగు నిలిచే చోటు ఉండదు. ఆ అంచు అంత సన్నం. ఇక్కడ వెలుగు నిలుస్తోందంటే అంచు గుండ్రబడింది. ఉక్కు మోసం చెయ్యలేదు అల్లుడా. నా ఉలి అయితే, నేను ఎనిమిదికి లేవడం మరిచినా, పదో కర్రకే మొరాయించి నన్ను లేపేది. ఇది మొరాయించలేదు. నీకు ఒక్కసారైనా లేవాలని అనిపించిందా?"

"లేదు."

"అదే."

కర్రలన్నీ పొయ్యిలోకి పోయాయి, మంచివీ చెడ్డవీ కలిపి. పెద్దాయన కొత్త ఉలికి తనే సాన పట్టాడు. మరునాడు దాంతోనే కూర్చున్నాడు. మొదటి కర్రను చెక్కి, గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. ఆ తర్వాత ప్రతి నాలుగో కర్రనూ తీసుకెళ్లి, దాని ముందు కర్రతో పోల్చకుండా, గోడ మీది కర్రతోనే పోల్చాడు. ఇరవై నాలుగు దాకా తేడా రాలేదు. ఇరవై ఎనిమిదో దానికి గోరు కొంచెం ఆగింది. అప్పటి నుంచి ఆ ఉలికి ఇరవై లెక్క పెట్టుకున్నాడు. ఇరవై కాగానే, ఎంత బాగా తెగుతున్నా, లేచి సాన దగ్గరికి. పాత ఉలిని మంచం కోళ్లకు పెట్టుకున్నాడు.

నీతి: వెంటనే చెడేది తన చెడును తానే చెబుతుంది. నిదానంగా చెడేది చెప్పదు, మనమే లెక్కపెట్టి తెలుసుకోవాలి. ఆ లెక్కకు కొలత నిన్నటి పని కాకూడదు, మొదటి పని కావాలి.

కథ విన్నవాళ్లు కొందరు దీన్ని కొత్త పద్ధతుల మీద పాత పనివాడి గెలుపుగా చెప్పుకుంటారు. నేను అలా చదవను. పెద్దాయన ఆ ఉలిని పారేయలేదు, ఎనిమిది ఉన్నచోట ఇరవై పెట్టుకున్నాడు. చలి పెట్టిన ఉక్కు నిజంగానే మేలైనది, ఆ సంగతి ఇప్పుడు నమ్మకంతో చెప్పగల విషయం. అమెరికాలోని లూసియానా టెక్ విశ్వవిద్యాలయంలో రాండల్ బారన్ రకరకాల లోహాలను ద్రవ నత్రజని చలికి దించి అరుగుదలను కొలిచి 1982లో ప్రచురించాడు. మన దగ్గర చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మోహన్ లాల్, రంగనారాయణన్, కళానిధి హైస్పీడ్ స్టీళ్ల మీద, అచ్చుల ఉక్కు మీద చేసిన పని 2001లో వెలువడింది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒక ప్రతికూల ఫలితం. ముందే కాక పెట్టి పూర్తి చేసిన ఉక్కును మైనస్ 140 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే మేలు జరగకపోగా ఫలితం వెనక్కి పోయింది. మైనస్ 180 దాకా దించితే మేలు కనిపించింది. సగం చలి అంటే సగం లాభం అని ఎవరైనా అనుకుంటారు. ఉక్కు ఆ లెక్క ఒప్పుకోలేదు. కాల్చడం, చల్లార్చడం, చలి, మళ్లీ కాక అనే నాలుగింటి వరుస కూడా ముఖ్యమే. కాల్చేటప్పుడే తప్పు జరిగిన ఉక్కును ఏ చలీ బాగుచేయదు. ఉలి మీద క్రయో అని ముద్ర ఉన్నంత మాత్రాన ఆ వరుస సరిగ్గా నడిచిందని అర్థం కాదు. షెఫీల్డ్‌లో ఈ రకం ఉలులను విడిగా పేరు పెట్టి అమ్మే తయారీదారులు ఉన్నారు, వాటి ధర మామూలు వాటికంటే ఎక్కువ. కొనేవాడు ముద్రకు కాకుండా, చేసిన చేతికి డబ్బివ్వాలి.

ఇంకో సంగతి మేనల్లుడు చెప్పలేదు. హైస్పీడ్ స్టీల్‌కు రెండు మూడు సార్లు కాక పెడితే, చలి లేకుండానే ఆ మిగిలిన మెత్తని భాగంలో చాలావరకు మారిపోతుంది. అయినా చలి పెట్టిన ఉక్కు ఎక్కువ కాలం అరగకుండా నిలుస్తోందంటే, కారణం మరొకటి కూడా ఉండాలి. చలి తర్వాత కాక పెట్టినప్పుడు కార్బైడులనే అతి గట్టి రేణువులు మరింత చిన్నవిగా, మరింత దగ్గర దగ్గరగా పుడతాయని పరిశోధకులు ఎక్కువమంది చెబుతారు. తుమ్మ కర్ర వాదరను తినాలంటే ఆ రేణువుల చుట్టూ ఉన్న ఉక్కును ముందు తినాలి. రేణువులు దగ్గరగా ఉంటే ఆ పని ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతుందంతే. కడసల్ పనివాళ్ల మధ్య దీని మీద ఎప్పటి నుంచో వాదన ఉంది: సాన పట్టడానికి పట్టేది రెండు నిమిషాలు కదా, అందుకోసం ఇంత ఖరీదైన ఉక్కు ఎందుకని ఒకరు, లేత్ ఆపకుండా పని సాగడమే లాభమని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఉలి వాదర మొద్దుబారడం ఆలస్యమైనప్పుడు, మొద్దుబారిందని మనం గుర్తించడం ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుందనే సంగతిని ఇద్దరూ మరిచిపోతారు.

తాయిల్పట్టిలో ఈ కథ ఉలితో ఆగదు. ఆ నేల మీద మనుషులు చేసే పనిలో జాగ్రత్త కూడా వాదర లాంటిదే, అదీ మెల్లగానే గుండ్రబడుతుంది. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో ఒక బాణసంచా కర్మాగారం పేలి దాదాపు నలభై మంది చనిపోయారు. మంటలు చూసి సాయానికి పరుగెత్తినవాళ్లు, చూడటానికి వచ్చినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. ఆ తర్వాత కూడా ఆ జిల్లాలో ప్రమాదాలు ఆగలేదు. తాయిల్పట్టి కూడా చావులు చూసింది. ఇలాంటి ప్రతిసారీ పేలుడు ఏ నిమిషంలో జరిగిందో అందరికీ తెలుస్తుంది. జాగ్రత్త ఏ రోజు చెడిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దానికి ఒక రోజు లేదు. వరుసలో ఏ రెండు కర్రలను పోల్చినా ఒకటే అయినట్టు, ఏ రెండు రోజులను పోల్చినా ఒకటే.

మందు నింపే గదిలో నలుగురికి మించి ఉండకూడదనేది నియమం. దీపావళి ముందు ఆర్డర్లు మీద పడతాయి. ఒక పూట ఐదో మనిషి కూర్చుంటుంది. చాలాసార్లు ఆమె పక్కింటి ఆడకూతురే, కూలి కోసం వచ్చింది. ఏమీ కాదు. మరునాడు ఆరో మనిషి వస్తే, ఐదుగురితో పోల్చుకుంటే ఒక్కరే కదా ఎక్కువ అనిపిస్తుంది. వేడి రోజు మధ్యాహ్నం మందు కలపడం ఒకసారి జరిగి ఏమీ కాకపోతే, రెండోసారి అది అలవాటు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. మూడు రోజులు సాన దగ్గరికి పోని మేనల్లుడు మంచి పనివాడే, తన ఉక్కు గురించి చెప్పినదంతా నిజమే. తెగుతున్న ఉలిని ఎందుకు ఆపాలో అతనికి లోపల నుంచి ఏ మాటా వినిపించలేదు, అంతే.

అందువల్ల, జాగ్రత్తగా ఉండండని కూలీలకు ఏటా ఉపన్యాసం ఇవ్వడం మీద నాకు నమ్మకం తక్కువ. జాగ్రత్త తగ్గుతున్నవాడికి తగ్గుతున్నట్టు అనిపించదు కాబట్టి, ఆ మాట అతనికి వర్తించదనే అనుకుంటాడు. ఎంతమంది ఉండవచ్చు, ఎంత మందు ఉంచవచ్చు అనే అంకెలు ప్రతి గదికీ లైసెన్సులోనే ఉన్నాయి. మొదటి కర్ర అదే. దాన్ని తలుపు పక్కన పెద్ద అక్షరాలతో తమిళంలో రాయాలి. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్లు కూడా చదివేది తమిళమే. ఆగస్టు నుంచి దీపావళి దాకా రోజుకు రెండుసార్లు ఆ అంకె ముందు నిలబడి లోపలి తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు విడిగా ఉండాలి. ఆ మనిషి జీతం ఆ రోజు ఎన్ని చిచ్చుబుడ్లు తయారయ్యాయనే దానితో ముడిపడి ఉండకూడదు. ఐదో మనిషిని బయటికి పంపినప్పుడు ఆమెకు ఆ పూట కూలి ఇచ్చి పంపే అధికారం కూడా ఆ మనిషికి ఉండాలి. అది లేకపోతే ఆమె మరో గదిలోకి వెళ్లి కూర్చుంటుంది.